బ్రేకు పట్టదు, గాలి నిలవదు: సైకిలు ప్రశ్నలు - జవాబులు

బడులు తెరిచారు, వానలు మొదలయ్యాయి. ఈసారి ఉత్తరాలు ఎక్కువగా బ్రేకుల గురించి, పంక్చర్ల గురించి వచ్చాయి. అందుకే ఆ రెండింటికీ ఎక్కువ చోటు కేటాయించాం.

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. బడిలో ఇచ్చిన సైకిలు మీద రోజూ నాలుగు కిలోమీటర్లు కాలువ గట్టు వెంట వెళ్తుంది. ఎండగా ఉంటే బ్రేకులు బాగానే పడతాయి. వానలో మాత్రం ఎంత నొక్కినా బండి ఆగడం లేదని భయపడుతోంది. రబ్బర్లు మార్చాలా?
- ఒక తల్లి, భీమవరం

జవాబు: మార్చాల్సి రావచ్చు. కానీ కొత్త రబ్బర్లు వేసినా వానలో కొంత తేడా ఉంటుంది. అదెందుకో అమ్మాయికి తెలియాలి. మెరిసే ఇనప రిమ్ము తడిస్తే రబ్బరుకూ రిమ్ముకూ మధ్య నీటి పొర నిలుస్తుంది. లివరు నొక్కగానే రబ్బరు ముందు ఆ నీటిని తుడుస్తుంది, ఆ తర్వాతే పట్టడం మొదలుపెడుతుంది. చక్రం రెండు మూడు చుట్లు తిరిగేదాకా బండికి ఏమీ తెలియదు. 26 అంగుళాల చక్రం ఒక చుట్టుకు దాదాపు 2 మీటర్లు సాగుతుంది. అంటే బ్రేకు నొక్కాక 4 నుంచి 6 మీటర్లు తుడవడానికే పోతాయి. అందుకని వానలో మలుపు గానీ, గేదెల మంద గానీ కనపడగానే రెండు లివర్లనూ తేలిగ్గా అదిమి ఉంచమనండి. రిమ్ము తుడుచుకున్నాక బ్రేకు చేతికి తెలుస్తుంది, అప్పుడు గట్టిగా నొక్కాలి. ఒక్కసారిగా బిగించి పట్టుకుంటే ముందు పట్టదు, తర్వాత ఉన్నట్టుండి పట్టేస్తుంది. గట్టు మీది బురదలో జారేది ఆ క్షణంలోనే.

ఇక రబ్బర్లు. వాటి మీద గాళ్లు ఉంటాయి. అవి అరిగి నున్నగా అయితే మార్చేయండి. గాళ్లు ఉండి, పైభాగం మాత్రం అద్దంలా మెరుస్తుంటే ఉప్పు కాగితంతో నాలుగు రుద్దులు రుద్దితే చాలు. రబ్బరులో ఇసుక రేణువులు, ఇనప పొడి ఇరుక్కుని ఉంటాయి. పిన్నీసు మొనతో వాటిని ఏరేయండి. రిమ్ము మీద నూనె మరక ఉందేమో కూడా చూడండి. చైనుకు నూనె కొట్టేటప్పుడు ఒక్క చుక్క రిమ్ము మీద పడినా వెనక బ్రేకు పోయినట్టే. సబ్బు నీళ్లతో రిమ్మును కడిగి, ఆరిన గుడ్డతో తుడవాలి.

రబ్బరు రిమ్మును మాత్రమే తాకాలి. కాస్త పైకి జరిగి టైరును తాకితే కొన్నాళ్లకు టైరు పక్క కోసుకుపోయి ట్యూబు ఢామ్మంటుంది. కిందికి జారితే చక్రం పుల్లల్లో ఇరుక్కుంటుంది. రబ్బరుకూ రిమ్ముకూ మధ్య ఒక్కో వైపు 2 మిల్లీమీటర్లు ఖాళీ ఉంటే చాలు. లివరు పూర్తిగా నొక్కినప్పుడు దానికీ హ్యాండిల్‌ పిడికీ మధ్య రెండు వేళ్లు పట్టాలి. పిడికి తగిలేదాకా వస్తే వైరు వదులైందన్న మాట. బ్రేకు దగ్గర వైరును పట్టి ఉంచే నట్టును స్పానరుతో వదులు చేసి, కటింగ్ ప్లేయరుతో వైరును కొంచెం లాగి, బిగించండి. వైరులో ఒక్క పోగు తెగి బయటికి కనపడినా ఆ వైరును మార్చేయాల్సిందే. మిగిలిన పోగులు ఎప్పుడు తెగుతాయో ముందే తెలిసే దారి లేదు.

కొత్త రబ్బర్లు వేయించేటప్పుడు షాపులో నిలబడి ఒక విషయం చూడండి. కొన్ని బ్రేకుల్లో రబ్బరు ఒక ఇనప తొడుగులోకి దూరుతుంది. ఆ తొడుగు ఒక కొస మూసి, ఒక కొస తెరిచి ఉంటుంది. చక్రం ముందుకు తిరిగేటప్పుడు రిమ్ము ఎటు కదులుతుందో మూసిన కొస అటు ఉండాలి. తిరగేసి బిగిస్తే గట్టిగా బ్రేకు వేసిన రోజున రబ్బరు జారి రోడ్డు మీద పడుతుంది. వైరు బదులు ఇనప కడ్డీలతో పనిచేసే కడ్డీ బ్రేకులకైనా ఇదే నియమం.

ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడతామని చాలామంది పిల్లలకు అది ముట్టుకోవద్దనే నేర్పుతారు. అది పొరపాటు. బ్రేకు వేయగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది కాబట్టి బండిని నిజంగా ఆపేది అదే. వెనక బ్రేకు ఒక్కటే వేస్తే చక్రం జారుతుంది, బండి ఆగదు. రెండూ కలిపి నొక్కడం, నొక్కేటప్పుడు నడుమును సీటు మీద వెనక్కి జరపడం, మలుపు తిరగక ముందే వేగం తగ్గించుకోవడం: ఈ మూడూ ఖాళీ స్థలంలో ఒక ఆదివారం సాధన చేయిస్తే చాలు. రోజూ బయల్దేరే ముందు ఒక్కో బ్రేకూ పట్టుకుని బండిని ముందుకు తోసి చూడమనండి. చక్రం కదలకూడదు.

ప్రశ్న: మా ఊరి నుంచి పొలానికి మూడు కిలోమీటర్లు. వారానికి రెండు పంక్చర్లు. షాపులో అతుకు వేస్తే రెండో రోజుకే గాలి పోతోంది. ఎండాకాలంలో ట్యూబు దానంతటదే పేలుతుందంటారు, నిజమేనా?
- ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: మీ దారిలో దోషులు రెండు. సర్కారు తుమ్మ ముల్లు పొడుగ్గా ఉంటుంది, నేరుగా ట్యూబు దాకా దిగుతుంది. పల్లేరు కాయ చిన్నదే అయినా ఎలా పడినా ఒక ముల్లు పైకి నిలబడి ఉంటుంది. పల్లేరు దుబ్బుల మీదుగా వెళ్లాల్సి వస్తే అవతలికి చేరగానే ఆగి, రెండు టైర్లనూ ఒక చుట్టు తిప్పి చూడండి. ముళ్లు ఒక్క తొక్కుడుకే లోపలికి దిగవు. చక్రం తిరిగిన కొద్దీ కొంచెం కొంచెం దిగుతాయి. మొదట్లోనే గీరేస్తే ట్యూబు బతుకుతుంది. ఇప్పటికే లోపలికి దిగిన ముల్లును మాత్రం దారిలో పీకకండి. అది ఉన్నంతసేపు బెజ్జాన్ని కొంత మూసి ఉంచుతుంది, ఇంటికి చేరొచ్చు.

అతుకు వేసిన రెండో రోజుకే గాలి పోతోందంటే ముల్లు ఇంకా టైరులోనే ఉండొచ్చు. ట్యూబులో బెజ్జం మూసినా టైరులో విరిగిన ముల్లు మొన మళ్లీ అదే చోట పొడుస్తుంది. టైరు లోపల వేలితో తడిమితే ఇది దొరకదు, పైగా వేలికి గుచ్చుకుంటుంది. దూది ఉండను లోపలంతా నెమ్మదిగా జరపండి. ముల్లు ఉన్న చోట దూది పోగులు పట్టుకుంటాయి. అక్కడ బయటి నుంచి సూదితో తోసి, లోపలి నుంచి తీయండి.

అతుకు కూడా తొందరపడితే నిలవదు. ట్యూబుకు గాలి కొట్టి నీళ్ల గిన్నెలో ముంచి బుడగలు వచ్చే చోట గుర్తు పెట్టండి. పూర్తిగా ఆరాక గాలి తీసేసి, అతుకు కన్నా కాస్త పెద్ద జాగాను ఉప్పు కాగితంతో మెరుపు పోయి గరుకుగా అయ్యేదాకా రుద్దండి. రుద్దిన దుమ్ము తుడవండి. సొల్యూషన్ (అతుకు అంటించే జిగురు) పలచగా పూసి ఐదు నిమిషాలు ఆగండి. వేలి వెనక భాగంతో తాకితే అంటుకోకూడదు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. సొల్యూషన్ తడిగా ఉండగానే అతుకు పెడతారు. లోపల ఆరక అది పొక్కులా లేస్తుంది. ఆరాక అతుకు పెట్టి, మధ్య నుంచి అంచులకు బొటనవేలితో గట్టిగా అదమండి. పైన కాస్త పౌడరు చల్లి ట్యూబును లోపల పెట్టండి. టైరు ఎక్కించేటప్పుడు చివరి జానెడు బిగుతుగా ఉంటుంది. అక్కడ స్క్రూ డ్రైవరుతో ఎత్తొద్దు. ట్యూబును నొక్కి కోసేస్తుంది, కొత్త పంక్చరు చేతులారా తెచ్చుకున్నట్టే. చేతులతోనే నెట్టండి.

బెజ్జం ఎక్కడుందో చూస్తే కారణం తెలుస్తుంది. పక్కపక్కనే రెండు చీలికలు, పాము కాటులా ఉంటే అది ముల్లు పని కాదు, గాలి తక్కువగా ఉండి గుంతలో రిమ్ము ట్యూబును నొక్కేసింది. బెజ్జం రిమ్ము వైపు ఉంటే పుల్ల కొన పొడుచుకొచ్చింది, లేదా రిమ్ము మీది పట్టీ జరిగింది. ఆ పట్టీ వేయకుండా ఎన్ని అతుకులు వేసినా లాభం లేదు. వాల్వు మొదట్లో చిరిగితే ఆ ట్యూబును వదిలేయండి, అతుకు నిలవదు. ఎక్కడా బెజ్జం లేకుండా రాత్రికి రాత్రి గాలి దిగిపోతుంటే వాల్వు మూతి మీద ఒక నీటి చుక్క పెట్టి చూడండి. బుడగ లేస్తే వాల్వు లోపలి వాల్ ట్యూబు (సన్నని రబ్బరు గొట్టం) ఎండకు మెత్తబడి చీలింది. మార్చేస్తే సరి, అయిదు నిమిషాల పని.

ఎండకు పేలడం గురించి. 50 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) గాలి కొట్టిన టైరు 30 డిగ్రీల నుంచి 55 డిగ్రీలకు వేడెక్కితే లోపలి ఒత్తిడి 55 చిల్లరకు చేరుతుంది. ఆ ఐదారు పీఎస్‌ఐకి మంచి టైరు పేలదు. పేలిందంటే టైరు పక్కల పగుళ్లు ఉన్నాయి, లేదా టైరు అంచు రిమ్ములో సరిగ్గా కూర్చోక ట్యూబు బయటికి ఉబ్బింది. కాబట్టి ఎండకు భయపడి గాలి తగ్గించుకోకండి, పాము కాట్లు పెరుగుతాయి. టైరు పక్కన ఎంత గాలి కొట్టాలో అచ్చు వేసి ఉంటుంది, దాన్ని దాటకుండా కొట్టండి. నేల మీద బరువు వేసి కూర్చున్నప్పుడు టైరు కొద్దిగా మాత్రమే పరుచుకోవాలి.

ప్రశ్న: రోజూ బీచ్ రోడ్డులో తొక్కుతాను. చైను నెల తిరక్కుండానే తుప్పు పడుతోంది. కొబ్బరి నూనె రాస్తున్నాను, చాలదా?
- ఒక బ్యాంకు ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: కొబ్బరి నూనె వద్దు. 24 డిగ్రీల దిగువకు వస్తే అది గడ్డకడుతుంది, మీ ఊళ్లో డిసెంబరు తెల్లవారుజాములు అంతే ఉంటాయి. గడ్డకట్టకపోయినా కొన్నాళ్లకు జిగురుగా మారి ఇసుకను పట్టి ఉంచుతుంది. ఇసుక కలిసిన నూనె ఆకురాయితో సమానం. మోటారు సైకిలు నుంచి తీసిన పాత ఇంజను ఆయిల్ కూడా అంతే, అందులో ఇనప పొడి ఉంటుంది. కుట్టు మిషను నూనె మేలు, కానీ పలచన కాబట్టి వారం పది రోజులకొకసారి వేయాలి. సైకిలు చైనుకని అమ్మే నూనె దొరికితే అదే వాడండి.

ఉప్పు గాలికి మందు నూనె కన్నా ముందు మంచినీళ్లు. సముద్రం ఒడ్డున తొక్కి వచ్చాక తడి గుడ్డతో చైనును, రిమ్మును, హ్యాండిల్‌ను తుడిచి, పొడి గుడ్డతో ఆరబెట్టండి. నెలకోసారి కిరోసిన్‌ గానీ డీజిలు గానీ పాత పళ్ల బ్రష్షుతో రుద్ది మురికి వదిలించండి. పూర్తిగా ఆరాక ఒక్కో లింకులో తిరిగే చిన్న గొట్టం, అంటే రోలరు మీద ఒక్కో చుక్క, అంతే. పెడలును వెనక్కి ఇరవై ముప్ఫై చుట్లు తిప్పి, పైన మిగిలిన నూనె అంతా తుడిచేయండి. నూనె రోలరు లోపల ఉండాలి, బయట కాదు. బయట జిడ్డుగా మెరిసే చైను మురికి కూడబెట్టే చైను.

ఒక హెచ్చరిక. చైను తిరుగుతుండగా గుడ్డను వేలికి చుట్టుకుని తుడవకండి. గుడ్డ పళ్ల చక్రంలో చిక్కితే వేలును కూడా లాక్కుంటుంది.

చైను ఎప్పుడు మార్చాలో స్కేలు చెబుతుంది. ఒక పిన్ను మధ్యలో సున్నా పెట్టి కొలిస్తే కొత్త చైనులో 12 అంగుళాల దగ్గర సరిగ్గా మరో పిన్ను మధ్య వస్తుంది. ఆ పిన్ను 1/16 అంగుళం దాటి కనపడితే చైను మార్చండి. 1/8 దాటే వరకు ఆగితే చైనుతో పాటు పళ్ల చక్రాలు కూడా మార్చాలి. అరిగిన పళ్ల మీద కొత్త చైను ఎక్కి ఎక్కి జారుతుంది.

ప్రశ్న: చైను మాటిమాటికీ ఊడుతోంది. గేర్లు లేని మామూలు సైకిలు.
- ఒక పాల వ్యాపారి, నల్గొండ

జవాబు: చైను మధ్యలో వేలితో పైకీ కిందికీ కదిపి చూడండి. అర అంగుళం ఆడాలి. ముప్పావు దాటితే ఊడుతుంది. వెనక ఇరుసు నట్లు రెండూ వదులు చేసి చక్రాన్ని వెనక్కి లాగి, టైరు రెండు వైపులా ఫ్రేముకు సమదూరంలో ఉందో లేదో చూసి బిగించండి. పెడలును ఒక చుట్టు పూర్తిగా తిప్పి మళ్లీ చూడాలి. ముందు పళ్ల చక్రం కొంచెం వంకరగా ఉంటే ఒక చోట బిగుతుగా, ఒక చోట వదులుగా వస్తుంది. బిగుతుగా ఉన్న చోట అర అంగుళం ఉండేట్టు పెట్టండి. మరీ బిగించితే బేరింగులు త్వరగా పోతాయి.

ప్రశ్న: మా పాపను క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్తాను. జాగ్రత్తలు చెప్పండి.
- ఒక తండ్రి, తెనాలి

జవాబు: అన్నిటికన్నా ముందు కాళ్లు. క్యారియర్ మీద కూర్చున్న పిల్లల మడమ వెనక చక్రం పుల్లల్లో పడటం చాలా మామూలుగా జరిగే ప్రమాదం. నిద్రమత్తులో కాలు లోపలికి వాలుతుంది. తిరిగే పుల్ల పాదాన్ని లోపలికి లాగి, ఫ్రేము కడ్డీకి వేసి నొక్కుతుంది. మడమ వెనక చర్మం ఊడిపోతుంది. అందుకని చక్రానికి రెండు వైపులా గట్టి జాలీ గానీ ప్లాస్టిక్ మూత గానీ వేయించండి. కాళ్లు పెట్టుకోవడానికి ఇరువైపులా పెడళ్లు బిగించండి. చెప్పులతో కాకుండా బూట్లతో ఎక్కించండి. చున్నీ, చీర కొంగు గాలికి చక్రం వైపు పోకుండా కట్టుకోమని వెనక కూర్చునే పెద్దవాళ్లకూ చెప్పండి.

ఎప్పుడైనా కాలు ఇరుక్కుంటే లాగకండి, చక్రాన్ని తిప్పకండి. పుల్లలు వంచి గానీ కత్తిరించి గానీ కాలు విడిపించాలి. మంచినీళ్లతో కడిగి శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి తీసుకెళ్లండి. పైకి చిన్న గీతలా కనపడినా సరే వెళ్లాలి. నలిగిన చర్మం రెండు మూడు రోజుల తర్వాత నల్లబడటం ఈ దెబ్బ లక్షణం.

ప్రశ్న: రాత్రి పనికి వెళ్లి సైకిలు మీదే తిరిగి వస్తాను. మా రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. రెండుసార్లు పడ్డాను.
- ఒక మిల్లు కార్మికుడు, కరీంనగర్

జవాబు: వడ్ల కన్నా వాటి చుట్టూ పెట్టే రాళ్లే ప్రమాదం. కుప్ప ఎత్తేసినా రాళ్లు అలాగే ఉండిపోతాయి. ముందు లైటు దూరం చూపే రకం కావాలి. వెలుగు 10 మీటర్ల ముందు నేల మీద పడేలా కొంచెం కిందికి వంచి బిగించండి. ఎదుటివాళ్ల కళ్లలో కొట్టదు, రాళ్లకు నీడ పడి కనపడతాయి. వడ్ల మీదికి పోతే బ్రేకు వేయకండి, హ్యాండిల్ తిప్పకండి. తొక్కడం ఆపి తిన్నగా దాటనివ్వండి.

వెనక ఎర్ర లైటు తప్పనిసరి. సంచి, తువ్వాలు, టిఫిను క్యారియరు దాన్ని కప్పేస్తున్నాయేమో ఒకసారి బండిని నిలబెట్టి ఇరవై అడుగుల వెనక నుంచి చూడండి. లైటు ఆరిపోయినా పనిచేసేవి రిఫ్లెక్టర్లు. వాటిలో పెడళ్లకు ఉండే పసుపు రిఫ్లెక్టర్లు పైకీ కిందికీ ఆడటం వల్ల అది సైకిలని డ్రైవరుకు దూరం నుంచే తెలుస్తుంది. దుమ్ము పట్టి ఉంటే తుడవండి.

ప్రశ్న: అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సైకిలు ట్రాకు మీద వారాంతాల్లో తొక్కుతున్నాను. మోకాలి ముందు భాగం నొప్పి. ఆఫీసుకు కూడా సైకిలు మీద వెళ్లాలని ఉంది, బస్సులంటే భయం.
- ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, హైదరాబాద్

జవాబు: సీటు దిగువగా ఉండి ఉంటుంది. పెడలు అట్టడుగున ఉన్నప్పుడు దాని మీద మడమ పెడితే కాలు తిన్నగా చాచుకోవాలి. తర్వాత పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగుతుంది, అదే సరైన ఎత్తు. సీటు పెంచాక మోకాలి వెనక నొప్పి వచ్చినా, తొక్కేటప్పుడు నడుము అటూ ఇటూ ఊగినా ఎక్కువ పెంచినట్టు. సీటు కడ్డీ మీద గీత ఉంటుంది, అది బయటికి కనపడేంత పైకి లాగొద్దు. గేర్ల బండి అయితే బరువు గేరులో నెమ్మదిగా తొక్కడం కన్నా తేలిక గేరులో నిమిషానికి 70, 80 చుట్లు తొక్కడం మోకాళ్లకు మంచిది.

2023 అక్టోబరులో తెరిచిన ఆ 23 కిలోమీటర్ల ట్రాకు మీద పైన సోలార్ కప్పు ఉంది, వాహనాలు లేవు. కాబట్టి రోడ్డుకు కావలసిన అలవాట్లు అక్కడే నేర్చుకోండి: ఒక చేత్తో హ్యాండిల్ పట్టి తిన్నగా పోతూ వెనక్కి చూడటం, చేయి చాచి మలుపు చూపించడం. ఇవి రెండూ తడబడకుండా వచ్చాకే ఆఫీసు దారి. రోడ్డు మీద మరీ అంచుకు పోకండి. అంచున గుంతలు, మురుగు కాలువ జాలీలు ఉంటాయి, తప్పించబోయి బస్సు ముందుకు వస్తారు. ఆగి ఉన్న కార్లకు మూడడుగులు ఎడంగా ఉండండి, తలుపు తీసినా తగలదు. బస్సుకూ లారీకీ ఎడమ పక్కన ఎప్పుడూ దూరకండి. డ్రైవరుకు అక్కడ మీరు కనపడరు. ఆ బస్సు గానీ లారీ గానీ ఎడమకు తిరిగితే దాని వెనక చక్రాలు ముందు చక్రాల కన్నా లోపలికి కోసుకుంటూ వస్తాయి. సిగ్నల్ దగ్గర దాని వెనకే ఆగండి, అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనపడేంత దూరంలో.

ప్రశ్న: పిల్లాడికి మా మోటారు సైకిలు హెల్మెట్ పెట్టొచ్చా?
- ఒక గృహిణి, వరంగల్

జవాబు: బరువుకు మెడ వాలుతుంది, చెమటకు వాడే తీసేస్తాడు. సైకిలు హెల్మెట్ కొనండి, కనుబొమలకు రెండు వేళ్ల పైన కూర్చోవాలి. గడ్డం కింద పట్టీలో ఒక వేలు మాత్రమే పట్టాలి. ఒకసారి గట్టి దెబ్బ తగిలితే పైకి బాగున్నా లోపలి థర్మకోల్ నలిగి ఉంటుంది, దాన్ని మళ్లీ వాడొద్దు.

ప్రశ్న: తొక్కుతుంటే ప్రతి చుట్టుకూ ఒకసారి టక్కుమంటోంది. ఎడమ పెడలు విప్పుదామంటే రావడం లేదు.
- ఒక విద్యార్థి, నెల్లూరు

జవాబు: చుట్టుకు ఒకసారి శబ్దం వస్తే పెడలు దగ్గరో, క్రాంకు (పెడలు బిగించే కాడ) దగ్గరో వదులుంది. క్రాంకు రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ కదపండి. పెడలు కాడ, ఇరుసు కలిసే చోట ఆడితే ఆ రెండింటినీ కలిపి పట్టి ఉంచే కాటర్ పిన్ను అరిగింది. నట్టు బిగించి ఊరుకోకండి, పిన్ను మార్చి సుత్తితో కూర్చోబెట్టించి అప్పుడు బిగించండి. ఇరుసు మొత్తం ఆడితే లోపలి కప్పు, గోళీలు చూడాలి. ఆ పని సామాన్లున్న షాపులో చేయించడం మంచిది.

పెడలు రాకపోవడానికి కారణం మరలో ఉంది. కుడి పెడలుది మామూలు మర, ఎడమ దానిది తిరగ మర. తొక్కే ఒరవడికి విప్పుకోకుండా అలా చేస్తారు. కాబట్టి ఎడమ పెడలును విప్పాలంటే స్పానరును గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పాలి. మర దగ్గర రెండు చుక్కల నూనె వేసి గంట ఆగి ప్రయత్నించండి. మళ్లీ బిగించేటప్పుడు మొదటి నాలుగు చుట్లు చేత్తోనే తిప్పండి. చేతికి తిరగకపోతే మర పక్కకు ఎక్కుతున్నట్టు. అలా స్పానరు వేసి బలవంతం చేస్తే మర కోసుకుపోయి క్రాంకు మొత్తం మార్చాల్సి వస్తుంది.